పోలీసులు అడిగితే నా డేటా ఇచ్చేస్తారా? మన వైజాగ్ గేమింగ్ గ్యాంగ్ తరచుగా అడిగే ప్రశ్నలు

మన మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో, డిస్కార్డ్‌లో, వీకెండ్ బీజీఎంఐ స్క్రిమ్స్‌లో (ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో) ఇంటర్ పిల్లల నుంచి మధురవాడ ఐటీ కొండ మీద నైట్ షిఫ్ట్ చేసేవాళ్ల దాకా అందరూ ఉన్నారు. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ వాళ్లున్నారు, నేవీ క్వార్టర్స్ వాళ్లున్నారు, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదకొండుకి ఆన్‌లైన్‌కొచ్చే అమ్మలూ ఉన్నారు. ప్రైవసీ గురించి ఎవరి భయం వాళ్లది, అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం. మేం లాయర్లం కాదు, మీ మీద నిజంగా కేసు ఉంటే లాయర్‌ని కలవండి, కింద ఫ్రీగా ఎక్కడ దొరుకుతారో కూడా రాశాం.

అన్నా, అసలు నా గురించి మీ దగ్గర ఏమేం ఉంటాయి?

మీరు సర్వర్‌లోకి జాయిన్ అయిన ప్రతిసారీ లాగ్ ఫైల్‌లో ఒక లైన్ పడుతుంది. మీ గేమ్ పేరు, యూయూఐడీ అనే పొడుగాటి నంబర్, ఏ ఐపీ అడ్రస్ (మీ నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్) నుంచి వచ్చారు, ఎన్ని గంటలకొచ్చారు, ఇవి ఉంటాయి. పేరు మార్చుకున్నా యూయూఐడీ మారదు, అందుకే బ్యాన్ అయినవాళ్లు అదే అకౌంట్‌కి కొత్త పేరు పెట్టుకొని వచ్చినా తెలిసిపోతుంది. ఎవరు ఏ బ్లాక్ పగలగొట్టారు, ఏ చెస్ట్ తెరిచారు అనేది ఇంకో ప్లగిన్ రాసుకుంటుంది, అది లేకపోతే గ్రీఫింగ్ (వేరేవాళ్లు కట్టినవి పాడుచెయ్యడం) కంప్లైంట్ ఒక్కటి కూడా తేల్చలేం.

గేమ్‌లో టైప్ చేసిన పబ్లిక్ చాట్ కూడా అదే లాగ్‌లో పడుతుంది. చాలామందికి తెలియని సంగతేంటంటే మీరు ఫ్రెండ్‌కి పంపే ప్రైవేట్ మెసేజ్ కూడా నిజానికి ఒక కమాండే, ఈ రకం సర్వర్లు డిఫాల్ట్‌గా ప్రతి కమాండ్‌నీ రాసిపెట్టుకుంటాయి, అంటే మీరు గుట్టుగా పంపాననుకున్న మాట సర్వర్ నడిపేవాడి ఫైల్‌లో తేటతెల్లంగా కూర్చొని ఉంటుంది. మన దగ్గర ఆ సెట్టింగ్ ఆఫ్ చేశాం. వేరే సర్వర్లలో ఆడేటప్పుడు మాత్రం ఆన్‌లోనే ఉందనుకొని మాట్లాడండి, అదే మంచిది.

మీ అసలు పేరు, ఫోన్ నంబర్, కాలేజీ, ఏరియా మేం అడగం. మీరే చాట్‌లో పెడితే తప్ప మా దగ్గర ఉండవు.

డిస్కార్డ్‌లో నా డీఎమ్స్ (ప్రైవేట్ మెసేజ్‌లు) మీరు చదవగలరా?

లేదు. సర్వర్ ఓనర్ అయినా సరే మీ డీఎమ్స్ కనపడవు, మీ ఈమెయిల్ కనపడదు, ఫోన్ నంబర్ కనపడదు, ఐపీ కూడా కనపడదు. అవన్నీ డిస్కార్డ్ కంపెనీ దగ్గరుంటాయి, ఎవరికైనా కావాలంటే చట్టప్రకారం వాళ్లనే అడగాలి. మాకు కనపడేది చానెల్స్‌లో మీరు రాసింది, ఆడిట్ లాగ్‌లో 45 రోజుల వరకూ మోడ్స్ (గ్రూప్‌ని అదుపులో ఉంచేవాళ్లు) ఎవర్ని కిక్ చేశారు, ఏం డిలీట్ చేశారు అనేది, అంతే. డిలీట్ చేసిన మెసేజ్‌లని మన బాట్ 2 వారాలు దాస్తుంది, ఎందుకంటే అమ్మాయిల్ని తిట్టి పది సెకన్లలో డిలీట్ చేసేసి నేనేం అనలేదు అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు, వాళ్ల మాట మీద బాధపడ్డ అమ్మాయి అబద్ధాలకోరు అయిపోకూడదు.

వాయిస్ చానెల్ రికార్డ్ చేస్తారా?

చెయ్యం. ఇంకో మెంబర్ తన ఫోన్‌లో రికార్డ్ చేస్తే మేం ఆపలేం, అడక్కుండా రికార్డ్ చేసి బయట పెట్టినట్టు తెలిస్తే మాత్రం బ్యాన్ ఖాయం.

ఐపీ అడ్రస్ ఉంటే మా ఇల్లు కనిపెట్టేస్తారా?

గేమ్‌లో ఓడిపోయినోడు "నీ ఐపీ నా దగ్గరుంది, ఇంటికొస్తా" అని బెదిరిస్తే ఖంగారు పడకండి. ఐపీని ఏదో సైట్‌లో కొట్టి చూస్తే గాజువాకలో ఉన్నవాడికి చాలాసార్లు హైదరాబాదో చెన్నైయో చూపిస్తుంది. పైగా మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి బోలెడంతమంది పంచుకుంటారు. ఆ టైమ్‌లో ఆ ఐపీ ఏ కనెక్షన్‌దో తేల్చగలిగేది టెలికాం కంపెనీయే, వాళ్లు దాన్ని పోలీసులకి చెప్తారు గానీ మీ మీద కోపమొచ్చిన ఓ ప్లేయర్‌కి చెప్పరు.

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఐపీని పంచుకుంటున్నప్పుడు పోర్ట్ నంబర్, సెకండ్‌తో సహా టైమ్ లేకుండా ఐపీ ఒక్కటే ఇస్తే పోలీసులు సంబంధం లేని వాళ్ల తలుపు తట్టే అవకాశం ఉంది. టైమ్ విషయం ఇంకా ఘోరం. సర్వర్ లాగ్స్ యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమ్‌లో) ఉంటాయి, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, అంటే లాగ్‌లో 14వ తేదీ 18:40 అని ఉంటే మనకి అది 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:10. ఈ తేడా రాయకుండా ఇస్తే తేదీయే మారిపోతుంది, ఆ రోజు ఆ ఐపీలో ఉన్నది ఇంకో కుటుంబం కావచ్చు. అందుకే చట్టప్రకారం ఏదైనా ఇవ్వాల్సి వస్తే రెండు టైమ్‌లూ పక్కపక్కన రాసి, ఈ ఐపీ ఒక్కటే చూసి మనిషిని గుర్తించలేమని అదే కాగితంలో రాసి ఇస్తాం.

లాగ్స్ వారంలో డిలీట్ చేసేయొచ్చుగా? ఎందుకు అన్ని నెలలు?

మాకూ అదే ఇష్టం. కానీ 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ లాగ్స్ 180 రోజులు ఉంచాలని ఉంది. 2021 ఐటీ రూల్స్‌లో కూడా యూజర్ అకౌంట్ తీసేశాక రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు ఉంచాలని ఉంది. మనది చిన్న సర్వర్, పెద్ద కంపెనీలకేగా ఈ గోల అని వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి రేపు మీలో ఒకరి కేసులో ఇరుక్కునే ఉద్దేశం మాకు లేదు. అందుకే జాయిన్ లాగ్స్ సరిగ్గా 180 రోజులు ఉంచి ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టాం, 181వ రోజుకి మా దగ్గర కూడా ఉండవు. చాట్ 30 రోజులు. ఎవరైనా కంప్లైంట్ పెట్టి మేం ఏదైనా తీసేస్తే, ఆ తీసేసింది మాత్రం సాక్ష్యంగా 180 రోజులు పక్కన పెడతాం.

మా పద్ధతి మొత్తం దీనిమీదే నడుస్తుంది, లేనిదాన్ని ఎవరూ అడగలేరు, దొంగిలించలేరు, పొరపాటున బయటకి వదల్లేరు, కాబట్టి ముందు తక్కువ పోగెయ్యాలి, ఉన్నదాన్ని టైమ్‌కి తీసెయ్యాలి, ఆ తర్వాతే మిగతా మాటలన్నీ.

వయసు వెరిఫికేషన్‌కి ఆధార్ తీసుకోవచ్చు కదా, ఫేక్ ఐడీలు తగ్గుతాయి?

తీసుకోం. 2025 అక్టోబర్‌లో డిస్కార్డే బయటపెట్టింది, వాళ్ల కస్టమర్ సపోర్ట్ చూసే బయటి కంపెనీ ద్వారా దాదాపు 70,000 మంది గవర్నమెంట్ ఐడీ ఫొటోలు లీక్ అయ్యుండొచ్చని. అంత పెద్ద కంపెనీకే అలా అయితే నలుగురు కలిసి ఉద్యోగాల మధ్య నడుపుకునే మన దగ్గర మీ ఆధార్ కార్డ్ ఫొటోలు ఉండకపోవడమే మీకు రక్షణ.

టోర్నమెంట్ ప్రైజ్ గెలిచినప్పుడు మాత్రం యూపీఐ ఐడీ కావాలి, దాంట్లో మీ అసలు పేరు, చాలాసార్లు ఫోన్ నంబర్ కూడా ఉంటాయి. ప్రైజ్ మీద టీడీఎస్ కట్ చెయ్యాల్సి వస్తే పాన్ కూడా అడుగుతాం. ఇవి ట్రెజరర్ ఒక్కరే చూస్తారు, డిస్కార్డ్‌లో పెట్టించుకోం. విన్నర్ పేమెంట్ స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టమని ఎవరడిగినా పెట్టకండి.

పోలీసులు అడిగితే నా డేటా ఇచ్చేస్తారా?

చట్టప్రకారం రాతపూర్వకంగా అడిగితే ఇస్తాం. అలా కాకుండా అడిగితే ఇవ్వం. కొంచెం వివరంగా చెప్తాం, ఎక్కువమంది భయపడేది ఇక్కడే.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, దర్యాప్తు, అరెస్ట్, కోర్టు పద్ధతులు చెప్పే చట్టం ఇది. దాంట్లో 94వ సెక్షన్ ప్రకారం దర్యాప్తుకి అవసరమైన డాక్యుమెంట్, ఎలక్ట్రానిక్ సమాచారంతో సహా, ఇవ్వమని కోర్టు సమన్లు పంపొచ్చు, లేదా పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జ్ ఆఫీసర్ రాతపూర్వక ఆర్డర్ ఇవ్వొచ్చు. పాతవాళ్లు 91 నోటీస్ (సీఆర్‌పీసీ 91వ సెక్షన్) అనేది దీన్నే. 2021 ఐటీ రూల్స్‌లో అధికారం ఉన్న ఏజెన్సీ నుంచి ఆర్డర్ వస్తే 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలని ఉంది, అదే రూల్‌లో ఆ ఆర్డర్ రాతపూర్వకంగా ఉండాలనీ, ఎందుకు అడుగుతున్నారో స్పష్టంగా చెప్పాలనీ కూడా ఉంది. ఈ రెండో ముక్క చాలామందికి తెలీదు. మాకు మాత్రం అదే ముఖ్యం.

అలాంటి ఆర్డర్ వచ్చినప్పుడు మేం చూసేవి ఇవి. స్టేషన్ పేరు, ఆఫీసర్ పేరు, హోదా, సంతకం ఉన్నాయా, క్రైమ్ నంబర్ ఉందా, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు, ఏ అకౌంట్, ఏ తేదీ నుంచి ఏ తేదీ. "మీ సర్వర్‌లో ఉన్న అందరి డీటెయిల్స్ ఇవ్వండి" అని వస్తే ఏ యూజర్, ఏ టైమ్ అని మర్యాదగా రాతలో తిరిగి అడుగుతాం. అడిగినదానికి సమాధానం ఇస్తాం, అడగనిది కలిపి ఇవ్వం. ఒకడి మీద కేసు ఉంటే వాడితో టీమ్‌లో ఆడిన మిగతా ముగ్గురి ఐపీలు కూడా "ఉపయోగపడతాయేమో" అని చేర్చే అలవాటు మాకు లేదు.

ఎంత చేతిలో ఉంటే అంత ఇస్తాం, లేదంటే లేదని రాసిస్తాం. నోటీస్ వచ్చాక లాగ్ డిలీట్ చెయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జరగదు, అది సాక్ష్యం చెరిపెయ్యడం, నేరం. మీరు మాకు ఎంత దగ్గర ఫ్రెండ్ అయినా అడక్కండి. పోలీసుల్లో మంచిగా పనిచేసేవాళ్లే ఎక్కువ, నోటీస్ పంపండి సర్ అంటే పంపుతారు, దాని గురించి ఎవరూ గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఐటీ యాక్ట్ 69వ సెక్షన్ వేరు. అది హోం సెక్రటరీ స్థాయిలో ఇచ్చే ఇంటర్‌సెప్షన్ (సమాచారాన్ని మధ్యలో పట్టి చూసే) ఆర్డర్, సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది. అలాంటిది వస్తే వెంటనే లాయర్‌తో కూర్చొని పాటిస్తాం.

ఎవరో ఫోన్ చేసి "సైబర్ క్రైమ్ సీఐని మాట్లాడుతున్నా, అర్జెంట్‌గా ఐపీ పంపు" అంటే?

ఫోన్ మీద, వాట్సాప్ మీద ఏమీ ఇవ్వం, మన మోడ్స్ అందరికీ ఇదే మాట చెప్పాం. 2022 మార్చిలో బ్లూమ్‌బర్గ్ రాసింది, ఆపిల్, మెటా లాంటి కంపెనీలు కూడా పోలీసుల పేరుతో వచ్చిన దొంగ ఎమర్జెన్సీ రిక్వెస్టులు నమ్మి యూజర్ల వివరాలు ఇచ్చేశాయని. అక్కడ లీగల్ టీమ్‌లుండి కూడా మోసపోయారంటే పదహారేళ్ల మోడ్ ఒక గంభీరమైన గొంతు వినగానే ఇచ్చెయ్యడంలో ఆశ్చర్యం లేదు. అందుకే మోడ్స్‌కి ఐపీలు కనపడే పర్మిషన్ మొత్తం తీసేశాం, ఇద్దరు అడ్మిన్లకి మాత్రమే కన్సోల్ (సర్వర్‌ని నడిపే, లాగ్స్ కనపడే స్క్రీన్) ఉంటుంది.

ఎవరైనా అలా ఫోన్ చేస్తే పేరు, స్టేషన్ అడిగి పెట్టేస్తాం, ఆ స్టేషన్ నంబర్ పోలీస్ అధికారిక సైట్‌లో వెతికి మేమే తిరిగి చేస్తాం. నిజమైన ఆఫీసర్ దానికి ఏమీ అనుకోరు. ఫోన్ చేసినవాళ్లిచ్చిన నంబర్‌కే మళ్లీ చేస్తే వెరిఫై చేసినట్టు కాదు.

మీకు కూడా ఇదే వర్తిస్తుంది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకొని "నీ గేమ్ అకౌంట్‌తో మనీ లాండరింగ్ జరిగింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, కదలొద్దు" అంటే అది పక్కా మోసం. మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. కట్ చేసి 1930కి ఫోన్ చెయ్యండి, డబ్బు పంపేసి ఉంటే ఇంకా తొందరగా చెయ్యండి, మొదటి గంటల్లోనే ఆ డబ్బు ఆపే అవకాశం ఎక్కువ.

ఎవరైనా చచ్చిపోతానని చాట్‌లో పెడితే? అప్పుడు కూడా నోటీస్ కోసం ఆగుతారా?

ఆగం. రాత్రి రెండింటికి ఒక పిల్లోడు రిజల్ట్స్ బాలేదు, బీచ్‌కి వెళ్తున్నా, ఇక రాను అని రాశాడనుకోండి, అప్పుడు ఆర్డర్ గురించి ఆలోచించే టైమ్ కాదు. మేమే 112కి ఫోన్ చేసి మా దగ్గరున్న యూజర్‌నేమ్, ఐపీ, టైమ్, వాడు రాసిన మాటలు చెప్తాం, ఈలోపు వాడితో మాట్లాడుతూ ఉండే మనిషి ఒకరుంటారు. ప్రాణాపాయం ఉన్న మెడికల్ ఎమర్జెన్సీలో కన్సెంట్ లేకుండా డేటా వాడొచ్చని 2023 డేటా ప్రొటెక్షన్ యాక్ట్‌లోనే ఉంది. చట్టంలో లేకపోయినా మేం చేసేవాళ్లమే.

మీకెవరికైనా మనసు బాలేకపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. ర్యాంకులు, రిజల్ట్స్ వచ్చే నెలల్లో మీ టీమ్‌మేట్ ఉన్నట్టుండి సైలెంట్ అయిపోతే ఒక మెసేజ్ పెట్టండి.

నా డేటా ఇచ్చే ముందు నాకు చెప్తారా?

చెప్తాం, అదే రోజు, డిస్కార్డ్‌లో డీఎమ్ పెడతాం. దర్యాప్తు విషయం ఎవరికీ చెప్పొద్దని ఆర్డర్‌లో ఉంటే మాత్రం చెప్పలేం, ఆ గడువు అయిపోయాక చెప్తాం. చిన్నపిల్లల మీద వేధింపుల కేసైతే నిందితుడికి ముందుగా తెలియనివ్వం, ఈ ఒక్క విషయంలో మాకు రెండో ఆలోచన లేదు.

ప్రతి జనవరిలో గడిచిన ఏడాది ఎన్ని నోటీసులొచ్చాయి, ఎన్నింటికి ఇచ్చాం, ఎన్నింటికి స్పష్టత అడిగాం అనేది పేర్లు లేకుండా అనౌన్స్‌మెంట్స్‌లో పెడతాం.

నోటీస్ నాకే వస్తే ఏం చెయ్యాలి?

ముందు చదవండి, సెక్షన్ నంబర్ చూడండి. బీఎన్‌ఎస్‌ఎస్ 179 అంటే సాక్షిగా పిలుస్తున్నారు. 35(3) అంటే మీ మీదే అనుమానం ఉంది గానీ అప్పుడే అరెస్ట్ చెయ్యకుండా హాజరు కమ్మంటున్నారు. రెండింటికీ చాలా తేడా ఉంది, రెండోదైతే లాయర్‌తోనే వెళ్లండి. 179 కింద పిలిస్తే ఆడవాళ్లు, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లు స్టేషన్‌కి రానక్కర్లేదు, ఇంటి దగ్గరే మాట్లాడాలి, ఇది చట్టంలోనే రాసుంది.

లాయర్‌కి డబ్బుల్లేవని ఆగిపోకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీ. నోటీస్ వచ్చిందని ఇంట్లో దాచిపెట్టకండి, ఇరవై ఏళ్లవాళ్లు ఒంటరిగా మోసే బరువు కాదది. ఫోన్ ఫార్మాట్ చెయ్యకండి, చాట్స్ డిలీట్ చెయ్యకండి, తప్పు చెయ్యనివాడు కూడా అలా చేస్తే అనుమానం పెరుగుతుంది.

మా అమ్మానాన్న అడిగితే నా చాట్స్ చూపించేస్తారా?

ఇంటర్ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. డేటా ప్రొటెక్షన్ యాక్ట్‌లో 18 నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల కన్సెంట్ కావాలి. ఈ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలు చాలావరకు రూల్స్ వచ్చిన 18 నెలల తర్వాత అంటే 2027లో అమల్లోకొస్తాయి. మేం అప్పటిదాకా ఆగకుండా 18 లోపు వాళ్లని ఇంట్లో ఒకరికి చెప్పే జాయిన్ అవ్వమంటున్నాం.

అమ్మ గానీ నాన్న గానీ మమ్మల్ని అడిగితే మీ గురించి మా దగ్గర ఏ రకం డేటా ఉందో చెప్తాం, అకౌంట్ తీసెయ్యమంటే తీసేస్తాం. చాట్ మొత్తం ప్రింట్ తీసి ఇవ్వం, అందులో వేరే ఇళ్ల పిల్లల మాటలు కూడా ఉంటాయి, వాళ్ల అమ్మానాన్నలు దానికి ఒప్పుకోలేదు. మీరు ఆడటం తప్పని ఇంట్లో గొడవ అయితే మేం మధ్యలోకి రాం.

కానీ ఎవరైనా పెద్దవాడు మీతో తప్పుగా మాట్లాడుతున్నాడని, ఫొటోలు అడుగుతున్నాడని మా కంట్లో పడితే మేమే మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి ప్రయత్నిస్తాం, పోలీసులకీ చెప్తాం. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. మీ మీద మచ్చ పడుతుందని భయపడొద్దు, బాధితుల పేరు, ఫొటో బయటపెట్టడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

కాలేజీ ప్రిన్సిపాలో, కంపెనీ హెచ్‌ఆరో అడిగితే?

ఇవ్వం. వాళ్లకి మీ గేమ్ అకౌంట్ వివరాలు అడిగే అధికారం లేదు. హాస్టల్ వార్డెన్ ఫలానా టైమ్‌లో ఫలానా అబ్బాయి ఆన్‌లైన్‌లో ఉన్నాడా అని అడిగినా సమాధానం అదే.

మా నాన్న నేవీలో చేస్తారు. నేను ప్రత్యేకంగా జాగ్రత్త పడాలా?

పడాలి తమ్ముడూ, ఈ మాట మన ఊరివాళ్లకి కాస్త గట్టిగా చెప్పాలి. తూర్పు నౌకాదళ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ ఇక్కడే ఉంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ వాళ్లు ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఒక గూఢచారి ముఠాని పట్టుకున్నారు, నేవీ సెయిలర్లే కొందరు అరెస్ట్ అయ్యారు. అదంతా సోషల్ మీడియాలో అమ్మాయిల పేరుతో పరిచయం చేసుకోవడంతో మొదలైంది. తర్వాత కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది, నేవీ తన బేస్‌లలో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది.

గేమ్ వాయిస్ చాట్‌లో స్నేహం ఇంకా తొందరగా కుదురుతుంది. "మీ డాడీ సెయిలింగ్‌లో ఉన్నారా, ఎప్పుడొస్తారు, ఏ షిప్" అని ఎవరైనా రెండుసార్లు అడిగితే సమాధానం చెప్పకుండా మాకు రిపోర్ట్ చెయ్యండి. క్వార్టర్స్ బాల్కనీ నుంచి హార్బర్ కనపడే ఫొటో పెట్టకండి. ఫొటోని డాక్యుమెంట్‌లా పంపితే అందులో లొకేషన్ అలాగే ఉండిపోవచ్చు, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసి పెట్టుకోండి. ఎవరైనా మెంబర్ ఇలాంటివి అడుగుతున్నారని మాకు గట్టిగా అనిపిస్తే పోలీసులకి చెప్తాం, ఆ మెంబర్ ఎన్నేళ్లుగా మనతో ఆడుతున్నా సరే.

నా ఫొటో మార్ఫ్ చేసి పెట్టారు, అడ్రస్ పెట్టేశారు. ఏం చెయ్యాలి?

ముందు స్క్రీన్‌షాట్ తియ్యండి, యూజర్‌నేమ్, టైమ్, లింక్ కనపడేలా. ఆ తర్వాత మోడ్ ఎవరికైనా పింగ్ చెయ్యండి, మన చోట ఉన్నది ఏ టైమ్ అయినా వెంటనే తీసేస్తాం, దానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు. తీసేముందు ఒక కాపీ పక్కన పెడతాం, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం హ్యాష్ వాల్యూతో (ఫైల్ మారలేదని చూపించే కోడ్) సహా సర్టిఫికెట్ కావాలి, మా లాగ్ వరకూ అది మేం సంతకం పెట్టి ఇస్తాం.

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకి విడిగా కంప్లైంట్ పెట్టొచ్చు, పేరు చెప్పకుండా కూడా. స్టేషన్‌కి వెళ్తే "ఇది మా ఏరియా కాదు" అనడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లో అయినా రాయాలి, అది ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 173లోనే ఉంది. ఒంటరిగా వెళ్లడానికి భయంగా ఉంటే చెప్పండి, టీమ్‌లో అక్కలున్నారు, తోడొస్తారు.

లాయర్ నోటీస్ వస్తే పోస్ట్ తీసేస్తారా?

ఎవరో ఒక గేమింగ్ కేఫ్‌లో సిస్టమ్స్ బాలేవని నిజాయితీగా రాస్తారు, వాళ్ల లాయర్ పరువునష్టం అని నోటీస్ పంపుతారు అనుకోండి. లాయర్ నోటీస్ కోర్టు ఆర్డర్ కాదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ యాక్ట్ 66ఏ సెక్షన్ కొట్టేసిన రోజునే ఈ సంగతి కూడా తేల్చింది, ఇంటర్మీడియరీ (మనలా వేరేవాళ్ల పోస్టులకి చోటిచ్చేవాళ్లు) కంటెంట్ తీసెయ్యాల్సింది కోర్టు ఆర్డరో, ప్రభుత్వ నోటిఫికేషనో వచ్చినప్పుడు. అలాగని మొండిగా ఉండం, రాసినవాళ్లకి నోటీస్ చూపిస్తాం, తిట్లు, వ్యక్తిగత ఆరోపణలు ఉంటే తీస్తాం, నిజమైన అనుభవం ఉంటే ఉంచుతాం. రాసిందెవరో చెప్పమంటే చెప్పం.

ఎంట్రీ ఫీజు స్క్రిమ్స్ ఎందుకు ఆపేశారు? చిన్న అమౌంటే కదా?

రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటి మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టు 22న కేంద్రంలో ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు కట్టి డబ్బు గెలుస్తామనే ఆశతో ఆడే ఆన్‌లైన్ గేమ్ నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్ వేరు అని చట్టం చెప్తుంది, రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రైజ్ మనీ దాంట్లో ఉండొచ్చు, కానీ దానికి గుర్తింపు కావాలి. కస్టమ్ రూమ్‌లో తలా యాభై వేసుకొని కిల్స్‌కి పంచుకోవడం ఆ గీతకి ఏ పక్కన పడుతుందో మీ మీద ప్రయోగం చేసి తెలుసుకోలేం. మన ప్రైజులు ఇప్పుడు అడ్మిన్ల జేబులోంచి, ఫీజు లేదు. బెట్టింగ్ యాప్ రిఫరల్ లింకులు పెడితే ఒక్కసారికే బ్యాన్, ఈ ఊళ్లో ఆ యాప్‌ల వల్ల మునిగిపోయిన ఇళ్లు మనకి తెలుసు.

వీపీఎన్‌తో (అసలు ఐపీ కనపడకుండా చేసే సర్వీస్) రావొచ్చా?

రండి, మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. పైన చెప్పిన సెర్ట్-ఇన్ ఆదేశాల్లోనే వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు ఉంచాలని ఉంది, అందుకే 2022లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఊరికే దొరికే ఫ్రీ వీపీఎన్‌ని మాత్రం నమ్మకండి. బ్యాన్ అయ్యాక వీపీఎన్‌తో తిరిగొస్తే మళ్లీ బ్యాన్.

గేమింగ్ కేఫ్‌లో ఆడితే ఎవరికీ తెలీదు కదా?

తెలుస్తుంది. 2011 సైబర్ కేఫ్ రూల్స్ ప్రకారం కేఫ్‌వాళ్లు ఐడీ చూసి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టర్ రాసి కనీసం ఏడాది ఉంచాలి. ద్వారకానగర్‌లో కూర్చుంటే అన్నోన్ అయిపోతాం అనుకోకండి. ముఖ్యంగా లాగౌట్ చెయ్యండి, పక్కవాడు మీ అకౌంట్‌తో చేసిన పనికి మీరు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

సర్వర్ హ్యాక్ అయితే మాకు చెప్తారా?

దాచం. చట్టప్రకారం గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలి, మీకూ అదే రోజు చెప్తాం, ఏం పోయింది, ఏం పోలేదు, మీరేం మార్చుకోవాలి అని.

నా అకౌంట్ పూర్తిగా తీసేయమంటే?

మోడ్‌మెయిల్‌లో (మోడ్స్‌కి మెసేజ్ పంపే చోట) ఒక లైన్ రాయండి, కారణం అడగం. డిస్కార్డ్ నుంచి తీసేసి, మీ బాట్ డేటా, ర్యాంక్, పాయింట్లు వారంలో చెరిపేస్తాం. జాయిన్ లాగ్ మాత్రం 180 రోజులు అయ్యాకే పోతుంది, కారణం పైన రాశాం. మీరు కట్టిన ఇళ్లు మ్యాప్‌లో ఉంచాలా, కూల్చాలా అనేది మీ ఇష్టం.

మోడ్ ఎవరైనా నా విషయాలు బయట చెప్తే?

నేరుగా ఇద్దరు అడ్మిన్లలో ఎవరికైనా రాయండి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. ఐటీ యాక్ట్ 72ఏ ప్రకారం సర్వీస్ కోసం నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని కావాలని బయటపెట్టి నష్టం చేస్తే మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. మన దగ్గరైతే విచారణ అయ్యేదాకా ఆ మోడ్ రోల్ ఆ నిమిషమే తీసేస్తాం, ఆ మోడ్‌దే తప్పని తేలితే రోల్ మళ్లీ ఇవ్వం. కంప్లైంట్ పెట్టినవాళ్ల పేరు ఆ మోడ్‌కి చెప్పం. 24 గంటల్లో మీకు జవాబు రాకపోతే రెండో అడ్మిన్‌కి అదే మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యండి.